నిలబడిన వారికే ఓటు

దుకాణాల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కు ఇవ్వాలని ప్రభుత్వం ముసాయిదా తయారుచేసిందన్న సంగతి సరిగ్గా ఆషాఢం సేల్ మొదలయ్యే ముందు మా ఊరికి చేరింది. ఈ ప్రభుత్వానికి వేళాపాళా ఉండదు. ఏడాది పొడుగునా ఎవరూ కన్నెత్తి చూడని చీరల్ని సగం ధర పేరు చెప్పి ఆడవాళ్ళు ఒకళ్ళ చేతుల్లోంచి ఒకళ్ళు లాక్కునే పవిత్ర మాసంలో, ఎవరైనా కూర్చోవడం గురించి మాట్లాడతారా?

నేను మా ఊరి వస్త్ర వర్తక సమాఖ్యకి కార్యదర్శిని. జీతం తీసుకునే కార్యదర్శిని కాబట్టి నాకు సొంత అభిప్రాయాలు లేవు. సమాఖ్యకి ఏ అభిప్రాయం కలిగినా దాన్ని గ్రాంథికంలోకి మార్చి రాయడం నా పని. ముసాయిదా మీద యజమానుల అభిప్రాయం తెలుసుకోవడానికి కార్మిక శాఖ సంయుక్త కమిషనరు గారు స్వయంగా వస్తున్నారని తెలియగానే, మా చైర్మన్ చక్కా సుబ్బలింగం గారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆయన స్వర్ణగౌరి శారీ మహల్ యజమాని. మైకు లేకపోయినా మైకు ముందు నిలబడ్డట్టే మాట్లాడతారు.

మెత్తటి కుర్చీల్లో అందరూ సర్దుకున్నాక ఆయన మొదలుపెట్టారు. "సోదర వర్తకులారా! నిలబడిన మనిషిని చూస్తే కస్టమరుకి కొనాలనిపిస్తుంది. కూర్చున్న మనిషిని చూస్తే కూర్చోవాలనిపిస్తుంది. కస్టమర్లందరూ కూర్చుంటే ఈ దేశ వాణిజ్యం ఏ కాళ్ళ మీద నడుస్తుంది?"

చప్పట్లు మోగాయి. మ్యాచింగ్ సెంటర్ వీర్రాజు గారు లేవబోయి, సోఫా లోతుగా ఉండడంతో కూర్చునే మాట్లాడారు. "మా కొట్లో జాకెట్టు ముక్క నిలబడి చింపితేనే తిన్నగా వస్తాదండి. కూచుని చింపితే వంకరపోద్ది. వంకర జాకెట్లేసుకున్న దేశం ఎక్కడన్నా బాగుపడిందాండి?"

ఎక్కడా బాగుపడలేదని సభ ఒప్పుకుంది.

మా ఊరి దుకాణాల్లో పనివాళ్ళు అంతకుముందు కూర్చునేవారు కాదని చెప్పలేను. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డప్పుడు కౌంటరు వెనక చటుక్కున మాయమయ్యేవారు. పిలిస్తే "కింద అరలో వెతుకుతున్నానండీ" అని నేల దగ్గర్నుంచి జవాబొచ్చేది. కింద అరలోంచి ఒక్క చీరా అమ్ముడుపోకపోయినా రోజంతా ఎవరో ఒకరు అందులో వెతుకుతూనే ఉన్నారని సుబ్బలింగం గారు కనిపెట్టారు. ఆ ఏడు సమాఖ్య తీర్మానం చేసి, ఊళ్ళోని దుకాణాలన్నిట్లో కింద అరలు ఊడబీకించింది. అప్పట్నుంచీ మా ఊళ్ళో మోకాళ్ళకి దిగువన సరుకు లేదు.

పనివాళ్ళ మాట కూడా విన్నామని రాసుకోవాలి కదా అని సుబ్బలింగం గారు తన కొట్లోంచి మాణిక్యాన్ని పిలిపించారు. స్వర్ణగౌరిలో అందరికంటే పాత మనిషి మాణిక్యం. కౌంటరంతా చీరలు విప్పించి, రంగు నచ్చలేదని లేచిపోయే ఆవిణ్ణి కూడా గుమ్మం దగ్గర ఆపి రెండు చీరలు కొనిపించి పంపగల మనిషి. ఆవిడ వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. రెండు మోకాళ్ళకీ గుడ్డపట్టీలు చుట్టి ఉన్నాయి.

"చెప్పు మాణిక్యం. నీకు కూర్చోవాలని ఉందా?" అన్నారు చైర్మన్.

"ఒక్క స్టూలు చాలండి బాబుగారూ. బేరాల్లేనప్పుడు ఓ పావుగంట. డాట్టరుగారు ఇలాగే నిలబడితే శ్రావణం దాకా కూడా పనిచెయ్యలేనన్నారండి. పని మానేసి ఇంటికాడ కూచుంటే నాకు పిచ్చెక్కిపోద్దండి. చీర విప్పకపోతే నాకు పొద్దుపోదు."

"చూశారా? ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఆవిడే చెబుతోంది. కొట్లో కూర్చుంటే మాత్రం ఎక్కదా? రాసుకో ప్రభాకరం" అన్నారాయన నాతో. రాసుకున్నాను. నాకు అప్పుడే ఒళ్ళు మండింది గానీ, దాన్ని గ్రాంథికంలో ఎలా రాయాలో తెలియలేదు.

ఇంతలో చరణ్ లేచాడు. వనజాక్షి కలెక్షన్స్ వారబ్బాయి, బెంగళూరులో ఎంబీఏ చదివొచ్చాడు. "అంకుల్, మనం కుర్చీల్లో కూర్చుని నిలబడటం మంచిదంటే గవర్నమెంట్ నమ్మదు. డేటా కావాలి. మనమే నిలబడి చూపిద్దాం. మీటింగులన్నీ స్టాండింగే. అదే మన ఒపీనియన్‌కి బలం."

చదువుకున్నవాడు చెప్పాక కాదనడం ఎవరికీ బాగుండలేదు. ఆ రోజే తీర్మానం రాశాను. "సమాఖ్య తుది అభిప్రాయము వెలువడు వరకు సమావేశములన్నియు నిలబడియే జరుపవలెను. సభామందిరమున నిలబడి యున్న వారికే ఓటు. సభ ముగిసినట్లు అధ్యక్షులు ప్రకటించుటకు ముందు కూర్చున్నవారి ఓటు కూర్చున్న క్షణముననే చెల్లకుండా పోవును." ఆఖరి ముక్క సుబ్బలింగం గారు పట్టుబట్టి పెట్టించారు. తనకంటే ముందు వీర్రాజు గారు కూర్చుంటారని ఆయన నమ్మకం. సోఫాలన్నీ పక్కగదిలోకి చేరాయి. మర్నాడు పేపర్లో, అందరూ ఛాతీ విరుచుకుని నిలబడ్డ ఫొటో కూడా వచ్చింది.

మొదటి నిలువు సమావేశం మా సమాఖ్య చరిత్రలోకెల్లా చిన్నది. ఎప్పుడూ భోజనాల వేళ దాటిపోయే సభ, టీ వచ్చేలోపే ముగిసింది. ఎవరూ ఎవర్నీ పొగడలేదు. దివంగత సభ్యులకి మౌనం పాటించడం కూడా నడుస్తూనే కానిచ్చారు.

రెండో సమావేశానికి అందరి చూపూ నా మీద పడింది. సభా వివరాలు రాసేవాడికి బల్లా కుర్చీ తప్పవు కాబట్టి, ఆ గదిలో కూర్చున్న మనిషిని నేనొక్కణ్ణే. "పాపం ప్రభాకరం రోజూ రాస్తాడు. ఇవాళ నేను రాస్తాలే" అన్నారు వీర్రాజు గారు. జాకెట్టు కొలతలు తప్ప జన్మలో ఏమీ రాయని మనిషి. ఆయన వెనకే మరి కొందరు సాహిత్యసేవకి ముందుకొచ్చారు. తోపులాటలో కుర్చీ చెయ్యి ఒకటి ఊడొచ్చింది. చివరికి చైర్మన్ గారు, రాయడం బాధ్యత గల పని కనుక అధ్యక్షులే రాయాలని తీర్పిచ్చి, తానే కూర్చున్నారు. అప్పుడు చరణ్ కూర్చున్నవారికి ఓటు లేదన్న సంగతి గుర్తుచేశాడు. ఆయన నిప్పుల మీద కూర్చున్నట్టు లేచారు.

మూడో సమావేశంలో గోడ సమస్య వచ్చింది. కొందరు గోడకి ఆనుకున్నారు. అది కూర్చోవడమేనని గది మధ్యలో దిక్కులేక నిలబడ్డవారు గొడవ చేశారు. ఉపసంఘం వేశారు. ఉపసంఘం వారు ఒకరినొకరు రకరకాలుగా ఆనించి చూసుకుని నివేదిక ఇచ్చారు. నేను రాశాను. "పాదములు గాక శరీరము నేలపైననో ఆసనముపైననో మోపబడినచో అది కూర్చొనుట. గోడ, స్తంభము, బీరువా మరియు దుకాణములకు చెందిన ఇతర సామగ్రికి ఆనుకొనుట కూర్చొనుట కాదు."

ఇక గోడలకి గిరాకీ పెరిగింది. బస్సు కిటికీలోంచి సీటు మీద వేసినట్టు పొద్దున్నే వచ్చి గోడమేకులకి తువ్వాళ్ళు తగిలించి పోయేవారు. కిటికీ ఉన్న గోడ సీనియర్లకి, తలుపున్న గోడ జూనియర్లకి అని వాటాలేశారు. మధ్యలో మిగిలినవాళ్ళు బీరువా కోసం కొట్టుకున్నారు. వీర్రాజు గారికి గోడా దక్కలేదు, బీరువా దక్కలేదు. ఆయన హఠాత్తుగా కనబడకుండా పోయారు. "ఎక్కడయ్యా వీర్రాజు?" అని చైర్మన్ అరిస్తే, నేల దగ్గర్నుంచి జవాబొచ్చింది.

"పెన్ను పడిపోయిందండి. వెతుకుతున్నాను."

"పెన్ను జేబులోనే ఉందిగా!"

"ఇది కాదండి. ఇంకోటి."

ఆ వారం మా సభ్యులందరికీ పెన్నులు పడిపోవడం ఎక్కువైంది. చైర్మన్ గారికి కళ్ళజోడు పడిపోయేది. కింద అరనైతే ఊడబీకించగలిగారు గానీ, సమాఖ్యకి నేలని ఊడబీకించే అధికారం లేకపోయింది.

అప్పుడు సుబ్బలింగం గారికే గొప్ప ఆలోచన తట్టింది. "ఏ పనికి ఆ పనివాణ్ణి పెట్టడం వ్యాపార ధర్మం. లెక్కలు మనం రాస్తున్నామా? ఆడిటరు రాస్తాడు. నిలబడటం మాత్రం మనమెందుకు? నిలబడటంలో అనుభవం ఉన్న మనుషులు మన దగ్గర బోలెడు మంది ఉన్నారు. మన తరఫున వాళ్ళు నిలబడతారు. మనం పక్కగదిలో కూర్చుని మార్గదర్శనం చేద్దాం. తలుపు తీసే ఉంటుంది కాబట్టి సభలో ఉన్నట్టే."

అంత హర్షధ్వానం ఆ గదిలో ఎన్నడూ వినలేదు. "ప్రతి సభ్యుడు తన దుకాణము నుండి ఒకరిని తన సంపూర్ణ ప్రతినిధిగా నిలబెట్టవచ్చును" అని రాశాను. సంపూర్ణ అన్న మాట ఎందుకండీ అని అడిగితే, బరువుగా ఉంటుందని వేయించారు. ప్రతినిధులకి ఓటు విషయం ఏమిటని నేనింకా అడిగేలోపే అందరూ పక్కగదిలో సోఫాల కోసం పరుగుతీశారు. పాత తీర్మానం మార్చాలంటే మళ్ళీ ఈ గదిలోకొచ్చి నిలబడాలి. ఆ పని ఎవరూ చెయ్యలేదు. నేనూ గుర్తుచెయ్యలేదు.

ఎవరికి వారు తమ కొట్లో బాగా నిలబడగలిగేవాళ్ళనే ఏరి పంపించారు. సుబ్బలింగం గారు మాణిక్యాన్ని పంపారు. "నా పరువు నీ మోకాళ్ళ మీదుంది" అని కూడా చెప్పారట.

కమిషనరు హైమవతి గారు ఆషాఢం ఆదివారం నాడు వచ్చారు. కొట్లు తెరిచేలోపు తేల్చేస్తే పనివాళ్ళు తిన్నగా కౌంటర్లకి వెళ్ళిపోతారని చైర్మన్ గారి లెక్క. హాలు నిండా మనుషులు నిలబడి ఉన్నారు. పక్కగదిలోంచి పెసరట్టు ఉప్మా వాసన వస్తోంది. కమిషనరు గారు నా ఒంటిచేతి కుర్చీని చూశారు.

"ప్రోటోకాలు ప్రకారం ప్రభుత్వం నిలబడరాదు" అని అందులో కూర్చున్నారు. నేను బీరువా మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలెట్టాను.

"సదరు ముసాయిదాపై యాజమాన్య వర్గముల మనోభావములను యథాతథముగా స్వీకరించుటకై విచ్చేసితిమి. అభిప్రాయము ఏకగ్రీవమైనచో తక్షణమే అమలు. ఒక్క ఓటు తగ్గినను ఫైలు పునఃపరిశీలనకు పోవును" అన్నారావిడ. మా ఊరి వంతెన ఫైలు అలాగే వెళ్ళింది. జనం ఇంకా పడవ మీదే దాటుతున్నారు. "ఓటర్లు ఎవరు?"

తీర్మానాలన్నీ వరసగా చదివాను. నిలబడినవారికే ఓటు. నిలబడినవారు సంపూర్ణ ప్రతినిధులు. ఆవిడ తలాడించారు.

"ముసాయిదాను వ్యతిరేకించువారు?"

పక్కగదిలో సుబ్బలింగం గారు గట్టిగా దగ్గారు. అది చెయ్యెత్తమని మాణిక్యానికి ముందే చెప్పుకున్న గుర్తు. చెయ్యి లేవలేదు. ఆయన మళ్ళీ దగ్గారు. ఉప్మా అడ్డుపడిందేమో అని వీర్రాజు గారు ఆయన వీపు మీద చరిచారు.

"సమర్థించువారు?"

హాల్లో ఉన్న చేతులన్నీ లేచాయి. ఎవరూ పక్కవాళ్ళ మొహం చూడలేదు.  

యజమానులు సోఫాల్లోంచి లేచి తలుపు దగ్గరికి వచ్చారు గానీ, హాల్లో కాలు పెట్టే సందు లేదు. "అన్యాయం! వాళ్ళు పనివాళ్ళు!" అని గుమ్మంలోంచి అరిచారు చైర్మన్.

"తమ తీర్మానము ప్రకారము వీరే తమరు. తమరు ఎవరో తెలియరావడం లేదు" అన్నారు కమిషనరు గారు.

సుబ్బలింగం గారు ఊరికే చైర్మన్ కాలేదు. ఒక్క నిమిషం ఆలోచించి చిరునవ్వు నవ్వారు. "మంచిది. కానీ సభ ముగిసిందని నేను ఇంకా ప్రకటించలేదు. ఈలోగా కూర్చున్నవాళ్ళ ఓటు చెల్లదు. ఒక్క ఓటు పోయినా ఏకగ్రీవం కాదు. నాకేం తొందర లేదు." చెప్పి, మాణిక్యం మోకాళ్ళ పట్టీల కేసి చూశారు. అంత చెడ్డ చూపు ఆయన దగ్గర ఉందని నాకు అంతవరకు తెలియదు. మళ్ళీ సోఫాలో కూలబడ్డారు.

ఇక అక్కణ్ణుంచి నిలబడటమే. ఆ హాల్లో ఉన్నవాళ్ళని నిలబడటంలో ఓడించాలనుకోవడం ఎంత పిచ్చితనమో యజమానులకి తట్టలేదు. తర్ఫీదిచ్చింది తామే కదా! వాళ్ళు హాయిగా కబుర్లు చెప్పుకున్నారు. ఒకమ్మాయి నిలబడే జడ విప్పి మళ్ళీ అల్లుకుంది. మ్యాచింగ్ సెంటర్ కుర్రాడు కళ్ళు తెరుచుకుని నిద్రపోయాడు. పక్కగదిలో ఫోన్లు మోగడం మొదలైంది. కొట్లు తెరిచే వేళ దాటిపోతోంది.

మాణిక్యం మాత్రం పెదవి కొరుక్కుని నిలబడింది. కుడి మోకాలు వణకడం నాకు బీరువా దగ్గర్నుంచి కనబడుతోంది. గోడ దగ్గరికి పోదామంటే హాలు మధ్యలో ఉంది, కాలు కదపలేకపోతోంది. ఈవిడ పడిపోతే స్టూలూ పోయె, పనీ పోయె. రాస్తున్న కలం ఆపేశాను.

జడ అల్లుకున్న అమ్మాయి అది చూసింది. "అక్కా, ఇలా ఆనుకో" అని వీపు తిప్పి నిలబడింది. ఇంకో పక్క నిద్రలోంచి లేచిన కుర్రాడు భుజం ఇచ్చాడు. ముందూ వెనకా ఇంకొందరు చేరారు. మాణిక్యం వాళ్ళ మధ్య ఒరిగి, పొద్దుట్నుంచి మొదటిసారి గట్టిగా ఊపిరి వదిలింది.

"చెల్లదు!" అంటూ సుబ్బలింగం గారు గుమ్మంలోకి దూకారు. "గోడకి ఆనుకోవచ్చు, బీరువాకి ఆనుకోవచ్చు. మనుషులకి ఆనుకోవచ్చని ఎక్కడుంది?"

కమిషనరు గారు నా వైపు చూశారు. నేను ఉపసంఘం తీర్మానం చదివాను. గోడ, స్తంభము, బీరువా మరియు దుకాణములకు చెందిన ఇతర సామగ్రి.

"ఐతే అధ్యక్షులవారు స్పష్టపరచవలెను. వీరు తమ దుకాణ సామగ్రియా, మనుషులా?"

"సామగ్రే!" అని వీర్రాజు గారు లోపల్నుంచి అరిచారు.

"నోర్మూయవయ్యా! సామగ్రి అంటే ఆనుకోవచ్చు!" అన్నారు చైర్మన్.

"ఐతే మనుషులండీ!"

"మనుషులని అధ్యక్షులవారు అంగీకరించినచో, మనుషులకు కూర్చొను అవసరము కలదని కూడా నమోదు చేసుకొందుము" అన్నారు కమిషనరు గారు, కలం తీస్తూ.

సుబ్బలింగం గారు చరణ్ కేసి చూశారు. ఎంబీఏలో ఈ పాఠం లేదన్నట్టు చరణ్ ఫోనులోకి చూసుకున్నాడు. నన్ను పిలిచి, "ప్రభాకరం, మనుషులకీ సామగ్రికీ మధ్యలో ఏదైనా మాట లేదా?" అని గుసగుసలాడారు. జీవితంలో మొదటిసారి ఆయన అడిగిన మాట నేను ఇవ్వలేదు. "లేదండి. రెండే ఉన్నాయి" అన్నాను.

అప్పుడే ఆయన ఫోను మోగింది. వాళ్ళావిడ. ఆవిడ గొంతు హాలంతటికీ వినబడింది.

"ఏవండీ, జనం షట్టరు బాదేస్తన్నారు! ఎనకింటి తులసమ్మగారు గేటెక్కి నిలబడ్డారు. అందరూ మాణిక్యమేదీ, మాణిక్యమేదీ అని ప్రాణం తీస్తన్నారు. మీరెక్కడున్నారని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు! పంపుతారా, ఎదర కొట్టుకి పొమ్మంటారా?"

ఎదర కొట్టు వీర్రాజు గారి తమ్ముడిది. సుబ్బలింగం గారు కళ్ళు మూసుకున్నారు. ఆషాఢం ఆదివారం. ఆయన మొహంలో రంగులు మారడం, ఆరిపోవడం అన్నీ చూశాను.

"సభ ముగిసింది" అన్నారు, ఎవరికీ వినబడకూడదన్నట్టు.

"ఏకగ్రీవం" అని కమిషనరు గారు సంతకం పెట్టారు.

ఆ మాట వినగానే హాల్లో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి నేల మీద కూర్చున్నారు. అంతమంది ఒకేసారి కూర్చున్న చప్పుడు నేనెప్పుడూ వినలేదు. కాళ్ళు చాపేశారు. కొందరు నవ్వుతున్నారు. మాణిక్యాన్ని నలుగురు పట్టుకుని మెల్లగా దింపారు. ఆవిడ పట్టీలు విప్పి మోకాళ్ళు రాసుకుంటూ, కళ్ళు మూసుకుని కూర్చుంది.  నేనూ కాగితాలు బీరువా మీద వదిలేసి అక్కడే చతికిలబడ్డాను.

"లేవండర్రా, లేవండి! కొట్లు తెరవాలి!" అని చైర్మన్ గారు చేతులూపారు.

ఎవరూ కదలలేదు. మాణిక్యం ఒక కన్ను తెరిచింది.

"మీరెళ్ళి తెరిచుంచండి బాబుగారూ. తులసమ్మగారికి ముందు ముదురు రంగులు చూపించండి, లేతవి తర్వాత తియ్యండి. ఆవిడ బేరం తెమల్చకపోతే కబురెట్టండి, లేచొస్తాను."

సుబ్బలింగం గారు వెళ్ళారు.